ఇంటిలో పసివారికి లెక్కలు

నాలుగేండ్ల బిడ్డ ఒకటి మొదలుకొని నూరు వరకు తడబడకుండ చెప్పినచో ఇంటిల్లిపాదియు సంతోషింతురు. చుట్టములు వచ్చినపుడు ఆ బిడ్డను దగ్గరకు పిలిచి అంకెలు చెప్పింతురు. వచ్చినవారు మెచ్చుకొందురు. ఇందు తప్పేమియు లేదు. కాని అదే బిడ్డ యెదుట చింతగింజలు కుప్పగా పోసి, "ఇందులోనుంచి ఆరు గింజలు నా చేతిలో పెట్టు తల్లీ" అని అడిగి చూడవలెను. చాలమంది పిల్లలు గుప్పెడు గింజలు తీసి చేతిలో పెట్టుదురు. వారికి ఆరు అను మాట వచ్చును. ఆరు అను సంఖ్య ఇంకను రాలేదు. ఈ రెంటికి నడుమ నున్న దూరమును గూర్చి, దానిని ఇంటిలోనే దాటించు ఉపాయములను గూర్చి శ్రోతలతో కొంత ముచ్చటింపదలచితిమి.

ఆ దూరము చూచుటకు చిన్నది. దాటింపక విడిచినచో అది ఏటేట పెరుగును. బడిలో ఉపాధ్యాయుడు కూడికలు మొదలు పెట్టును. ఆరు అనగా ఎంతయో తెలియని బిడ్డకు ఆరును మూడును కూడుట ఎట్లు తెలియును? పక్కవాని పలక చూచి వ్రాయును, లేదా ఊరకుండును. తరువాత తీసివేతలు వచ్చును. ఆపైన గుణకారములు వచ్చును. మూడవ తరగతి నాటికి ఆ బిడ్డ నోట "నాకు లెక్కలు రావు" అను మాట స్థిరపడును. ఇంటిలోని పెద్దలును "వీడికి లెక్కల బుర్ర లేదు" అని తీర్పు చెప్పుదురు. ఆడపిల్ల యైనచో ఆ తీర్పు మరింత తొందరగా వచ్చును. నిజమునకు లోపము బుర్రలో లేదు, పునాదిలో నున్నది. ఆ పునాది వేయవలసిన కాలము మూడేండ్లకును ఏడేండ్లకును నడుమ. వేయవలసిన చోటు చాలవరకు ఇల్లే.

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, ఆత్మకూరు ఉదయగిరి సీమలలో, తెల్లవారగనే పొలమునకో గొర్రెల వెంటనో పోవు తల్లిదండ్రులు, "మాకే చదువు రాదు, మేమేమి నేర్పగలము?" అనుట కద్దు. ఈ ప్రసంగము ముఖ్యముగా వారి కొరకే. పసివారికి మొదట కావలసిన లెక్క పుస్తకములో లేదు. అది వంటింటిలోను, వాకిటి ముగ్గులోను, దొడ్డిలోను, సంతలోను ఉన్నది. దానిని బిడ్డ కంటికి చూపుటయే మన పని.

లెక్కించుట యనగానేమి? పెద్దలకు అది ఒకే పనిగా తోచును. కాని 1978లో రోషెల్ గెల్మన్, చార్లెస్ గాలిస్టెల్ అను ఇద్దరు అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు పసివారు లెక్కించు తీరును పరిశీలించి, అందు ఐదు సూత్రములు ఇమిడియున్నవని చెప్పిరి. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క మాటనే చెప్పుట మొదటిది. ఒకటి తరువాత రెండు, రెండు తరువాత మూడు అను వరుస ఎన్నడును తప్పకుండుట రెండవది. చివర చెప్పిన మాటయే ఆ కుప్పకంతటికి సంఖ్య యని గ్రహించుట మూడవది. గింజలనైనను, గొర్రెలనైనను, గుడి గంట మ్రోతలనైనను ఒకే విధముగా లెక్కింపవచ్చునని తెలిసికొనుట నాలుగవది. ఎడమనుండి మొదలిడినను, కుడినుండి మొదలిడినను మొత్తము మారదని తెలియుట ఐదవది.

ఈ ఐదింటిలో మూడవదానియొద్దనే పిల్లలు తరచుగా ఆగిపోవుదురు. ఐదు గింజలను వ్రేలితో తాకుచు "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అని సరిగా చెప్పిన బిడ్డను, "అయితే ఎన్ని ఉన్నాయి?" అని అడిగినచో మరల "ఒకటి, రెండు" అని మొదలు పెట్టును. ఐదు అనునది చివరి గింజకు పేరు కాదనియు, కుప్పకంతటికి కొలత యనియు ఆ బిడ్డకు ఇంకను తెలియలేదు. అప్పుడు కోపింపరాదు. గింజలన్నిటిని దోసిట చేర్చి, "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, మొత్తం ఐదు గింజలు" అని చెప్పి చేయి మూయవలెను. కొన్నాళ్ళు ఇట్లు చేసిన పిమ్మట బిడ్డయే చేయి మూసి "మొత్తం ఐదు" అనును. ఆ దినమున బిడ్డ ఒక పెద్ద గడప దాటినట్లు.

మొదట ఐదు వరకే చాలును. ఐదు బాగుగా తెలిసిన తరువాత పది. పది తెలిసిన తరువాత ఇరవై. నూరు వరకు వల్లె వేయుటకు తొందర లేదు. "మూడు తే", "నాలుగు ఇయ్యి" అని తెప్పించుట, "ఎన్ని ఉన్నాయి?" అని అడుగుటకంటె మంచి పరీక్ష. ఉల్లిపాయలు, పళ్ళెములు, చెంబులు, విస్తళ్ళు, ఏవైనను సరియే. "మనం నలుగురం భోజనానికి కూర్చుంటున్నాము, పళ్ళేలు తెచ్చి పెట్టు" అన్నచో బిడ్డ ఒక్కొక్కరికి ఒక్కొక్క పళ్ళెము పెట్టును. ఒకటి తక్కువైన, ఒకటి మిగిలిన, ఎక్కువ తక్కువలు అక్కడనే తెలియును.

మన తెలుగు భాష ఈ పనిలో బిడ్డకు ఎంతో తోడ్పడును. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై మూడు అను మాటలలో పదులు ముందు, ఒకట్లు తరువాత స్పష్టముగా వినబడును. ఈ విషయమున హిందీ నేర్చు పిల్లల పని కష్టము. నూరు వరకు చాల సంఖ్యల పేర్లను విడివిడిగా కంఠస్థము చేయవలసి యుండును. తెలుగున పది మొదలు ఇరవై వరకు గల పేర్లు మాత్రము కొంత చిక్కుగా నుండును. పదమూడు అనగా పదియు మూడును; పద్నాలుగు అనగా పదియు నాలుగును. పదునొకటి, పన్నెండు, పందొమ్మిది అను మాటలలో పది దాగియున్నది. దానిని విప్పి చూపవలెను. చీపురు ఈనెలు పది తీసి దారముతో కట్టి, పక్కన రెండు ఈనెలు విడిగా ఉంచి, "ఒక కట్ట, రెండు పుల్లలు, పదీ రెండూ పన్నెండు" అని చెప్పినచో బిడ్డ మరువదు. రెండు కట్టలు మూడు పుల్లలు ఇరవై మూడు. బడిలో పదుల స్థానము, ఒకట్ల స్థానము అని చెప్పు పాఠమునకు ఈ కట్టలే మూలము. కట్టలు లేక పలకపై అంకెలు మాత్రమే చూచిన బిడ్డ, ఇరవై మూడును విని 203 అని వ్రాయుట ఉపాధ్యాయులందరును ఎరిగినదే.

మన భాషలోనే మరియొక విశేషము కలదు. వస్తువులను మనము రెండు, మూడు, నాలుగు అని లెక్కింతుము. మనుష్యులను మాత్రము ఇద్దరు, ముగ్గురు, నలుగురు అందుము. బిడ్డ "మూడు అవ్వలు" అన్నచో నవ్వరాదు. బిడ్డ లెక్క తప్పలేదు. మాట మాత్రమే మారవలెను. "అవును, ముగ్గురు అవ్వలు, మూడు కుర్చీలు" అని రెంటిని పక్కపక్కన చెప్పినచో, ముగ్గురిలోను మూడింటిలోను ఉన్నది ఒకటే సంఖ్య యని బిడ్డ తనంతట గ్రహించును. కళ్ళములో ధాన్యము కొలుచువారు మొదటి కొలతను ఒకటి అనక "లాభము" అందురు. ఏడు అను మాటకు ఏడ్చుట అను అర్థము కూడ నుండుటచే కొందరు "ఆరున్నొక్కటి" అందురు. పెద్దలు ఇట్లు కొలుచునపుడు పక్కన నిలిచిన బిడ్డకు అయోమయము కలుగవచ్చును. కారణము చెప్పినచో అదియు ఒక పాఠమే. ఆరును ఒకటియు కలిసిన ఏడగునని ఆ మాటయే చెప్పుచున్నది గదా!

ఇక ఆటలు. మన అవ్వలు ఆడిన ఆటలలో లెక్క ఎంత దాగియున్నదో చూచిన ఆశ్చర్యము కలుగును. వామనగుంటల పీటలో ఒక్కొక్క వరుసకు 7 చొప్పున 14 గుంటలుండును. ఒక గుంటలోని గింజలన్నియు తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా విడుచుచు పోవలెను. ఒక గుంటకు ఒక గింజ. ఒక వస్తువునకు ఒక మాట యను మొదటి సూత్రము ఇదియే. ఆటలో ఆరితేరిన పిల్ల గుంటలోని గింజలను చూచియే తన చేయి ఎక్కడ ఆగునో ముందుగా చెప్పగలదు. అది మనసులో చేసిన కూడిక.

అచ్చనగాయలలో రాళ్ళు ఐదు. ఒకటి పైకి ఎగురవేసి, క్రింద నున్న నాలుగింటిని మొదట ఒక్కొక్కటిగాను, పిమ్మట రెండేసిగాను, ఆపైన మూడు ఒకసారి ఒకటి ఒకసారిగాను, తుదకు నాలుగింటిని ఒక్క ఊపునను తీయవలెను. నాలుగును ఎన్ని విధముల విడదీయవచ్చునో ఆ బాలిక చేతికే తెలియును. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసి, వెల్లకిల పడినవానిని ఒక్క చూపుతో లెక్కింతురు. నాలుగును వెల్లకిల పడిన చెమ్మా. నాలుగును బోర్ల పడిన అష్టా, అనగా ఎనిమిది. ఒకటి, రెండు అని లెక్కింపకయే మూడును మూడుగా చూడగలుగుట పసివారికి కావలసిన నేర్పులలో నొకటి. గవ్వలు ఆ నేర్పును ఆటగా ఇచ్చును.

సరిబేసి యను ఆట మరింత సులభము. పిడికిట గింజలు పట్టుకొని సరియా, బేసియా యని అడుగుదురు. దీనినే కొంచెము మార్చి ఆడవచ్చును. ఐదు గింజలు బిడ్డకు చూపి, కొన్నిటిని ఎడమ పిడికిట దాచి, మిగిలినవానిని కుడి అరచేత చూపి, "ఆ చేతిలో ఎన్ని ఉన్నాయి?" అని అడుగవలెను. రెండు కనబడుచున్నవి గనుక మూడు దాగియున్నవని బిడ్డ చెప్పును. కూడికయు తీసివేతయు ఒకే వస్తువునకు రెండు ముఖములని ఇంతకంటె బాగుగ ఏ పుస్తకమును చెప్పజాలదు. పిడికిలి తెరచి చూపుటలోని వేడుక బిడ్డను మరల మరల ఆడించును.

వైకుంఠపాళియు అట్టిదే. గడులు వరుసగా అంకెలతో నుండును. కాయ ముందుకు పోవుకొలది సంఖ్య పెద్దదగును. 2008లో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అను పరిశోధకులు అమెరికాలో పేద కుటుంబముల పసిపిల్లలచే ఇట్టి అంకెల గడుల ఆటను రెండు వారములలో నాలుగుసార్లు, సుమారు పదునైదు నిమిషముల చొప్పున, ఆడించి చూచిరి. అంత కొద్ది ఆటకే ఆ పిల్లలకు సంఖ్యల పెద్దచిన్నలు తెలియుటయు, లెక్కించుటయు బాగుపడినవి. ఆడు పద్ధతిలో ఒక చిన్న మెలకువ కలదు. కాయ ఐదవ గడిలో నుండి రెండు పడినపుడు "ఒకటి, రెండు" అని జరుపక, "ఆరు, ఏడు" అని గడుల అంకెలను చెప్పుచు జరుపవలెను. ఐదును రెండును ఏడని ఆ నాలుకకు అలవాటగును.

వాకిటి ముగ్గును కూడ మరువరాదు. ఏడు చుక్కలతో మొదలిడి, ఇరువైపుల రెండేసి తగ్గించుచు ఒకటి వరకు పెట్టిన ముగ్గులో మొత్తము 25 చుక్కలుండును. నడుమ ఏడు, పైన ఐదు, మూడు, ఒకటి, క్రింద ఐదు, మూడు, ఒకటి. తల్లి చుక్కలు పెట్టునపుడు బిడ్డను పక్కన కూర్చుండబెట్టుకొని, "ఈ వరుసకు ఎన్ని? తరువాతి వరుసకు ఎన్ని?" అని అడుగుచుండిన, రెండేసి తగ్గుటయు, పైక్రిందుల సమానత్వమును కనులారా కనబడును.

కొలతలలో మన ఇండ్లకు పెద్ద సంపద యుండెడిది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరవై తూములు పుట్టి. ప్రాంతమును బట్టి కొలపాత్రల పరిమాణము మారినను, రెట్టింపును సగమును పిల్లల కన్నుల యెదుటనే జరుగుచుండెడివి. డబ్బులోను రూపాయకు పదునారు అణాలు, అణాకు నాలుగు పైసలు ఉండెడివి. 1957 ఏప్రిల్ 1వ తేదీ నుండి రూపాయకు నూరు నయాపైసల పద్ధతి వచ్చెను. 1958 నుండి కిలోగ్రాములు, మీటర్లు క్రమక్రమముగా వచ్చినవి. క్రొత్త పద్ధతి పదులతో నడచును గనుక వ్రాతలెక్కకు సులభము. ఐనను పావు, అర, ముప్పావు అను మాటలు మన నాలుకపై ఇంకను నిలిచియేయున్నవి. పావుకిలో కందిపప్పు, అరలీటరు పాలు అని మనము రోజును చెప్పుచునేయున్నాము. ఆ మాటలను బిడ్డ వినునట్లు చెప్పి, వస్తువును చూపవలెను. ఒక దోసెను నాలుగు సమభాగములు చేసి, "ఇది పావు, ఇవి రెండు కలిపితే అర" అని ఆకలి వేళ చెప్పిన పాఠము మరపునకు రాదు. భాగములు సమానముగా లేనిచో బిడ్డయే ముందుగా ఒప్పుకొనదు.

పొడవు కొలుచుటకు జాన, మూర, బార కలవు. రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. మంచము పొడవును తండ్రి జానతో కొలిచిన ఒక సంఖ్య, బిడ్డ జానతో కొలిచిన మరియొక సంఖ్య వచ్చును. ఎందుకిట్లు వచ్చినదని ఆలోచింపనియ్యవలెను. అందరికిని ఒకే కొలబద్ద ఎందుకు కావలెనో ఆ ఆలోచనయే చెప్పును. ఆ తరువాత అంగడిలో మీటరు కర్ర కనబడినపుడు దాని యుపయోగము బిడ్డకు తెలిసియే యుండును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. స్విట్జర్లండు దేశపు పండితుడు జాన్ పియాజే పసివారి యెదుట వెడల్పు పాత్రలోని నీటిని సన్నని పొడవు పాత్రలో పోసి, నీరు ఎక్కువైనదా తక్కువైనదా యని అడిగెను. ఆరేడేండ్ల లోపు పిల్లలు చాలమంది ఎక్కువైనదనియే చెప్పిరి. ఇది మన వంటింట చెంబు, గ్లాసులతో చేసి చూడదగినది. బిడ్డ పొరబడినచో, "అదేమిటి, ఇంతమాత్రం తెలియదా?" అని అనరాదు. నీటిని మరల చెంబులో పోయనియ్యవలెను. పదిసార్లు అటునిటు పోసిన పిమ్మట, కొంత వయసు వచ్చిన పిమ్మట, అది తనంతట తెలియును. కాయ పండుటకు కాలము కావలెను గదా.

పూర్వపు చదువును గూర్చి కొంత చెప్పుట అవసరము. తెలుగువారికి గణితము క్రొత్తది కాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. 1832లో పుదూరి సీతారామశాస్త్రి రచించిన బాలశిక్ష తరువాతి కాలమున పెద్ద బాలశిక్షగా పెరిగి ఇంటింట నిలిచెను. వీధిబడులలో పిల్లలు ఇసుకలో అంకెలు దిద్దిరి. ఎక్కములు గొంతెత్తి వల్లించిరి. ఇసుకలో దిద్దుట నేటికిని మంచిదే. వ్రేలికి ఆకారము తెలియును. తప్పిన చెరుపుట సులభము. ఎక్కములు కూడ నోటికి రావలసినదే. కాని క్రమము మారరాదు. రెండేసి చింతగింజలను మూడు చోట్ల పెట్టి ఆరని చూచిన తరువాత "రెండు మూళ్ళు ఆరు" అని పాడినచో ఆ పాట అర్థముతో నిలుచును. చూడక పాడిన పాట, నడుమ ఒక మాట మరచినచో అంతయు తెగిపోవును.

"మాకు చదువు రాదు" అను తల్లుల మాటకు మన జిల్లాయే బదులు చెప్పియున్నది. 1988లో ఏర్పడిన జాతీయ సాక్షరతా మిషన్ చదువుట, వ్రాయుటలతో పాటు లెక్కలను కూడ సాక్షరతలో చేర్చెను. 1990వ దశాబ్ది మొదట నెల్లూరు జిల్లాలో అక్షరదీపమను పేర సాక్షరతా ఉద్యమము నడచెను. రాత్రివేళ లాంతరు దగ్గర పలకలు పట్టిన స్త్రీలలో కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలును ఉండిరి. వాచకములో సారాయి వలన చితికిన కుటుంబపు కథ చదివి, తమ ఇండ్లను తలచుకొని, వారు 1991-92 కాలమున తమ యూరి సారాయి వ్యాపారమునకు ఎదురు నిలిచిరి. రోశమ్మ పేరు ఆనాడు రాష్ట్రమంతట వినబడెను. ఉద్యమము ఊరూర వ్యాపించి, 1993లో రాష్ట్ర ప్రభుత్వము సారాయిని నిషేధించు వరకు నడచెను. దినమునకు ఇంత యైనచో నెలకెంత, ఏటికెంత, ఆ డబ్బుతో ఎన్ని బస్తాల బియ్యము వచ్చును అని అడుగగల గృహిణికి లెక్కలు రావని ఎవరనగలరు? లెక్క తెలిసిన ఇల్లు మోసపోదు. ఆ బలమును బిడ్డకు అందించుటయే మేము కోరునది.

ఐతే ఒక చిక్కు కలదు. నోటి లెక్క వేరు, కాగితపు లెక్క వేరు అయి పోవుచున్నవి. 1985లో బ్రెజిల్ దేశమున రెసిఫీ నగరపు వీధులలో సరకులమ్ము కొందరు పిల్లలను పరిశోధకులు పరీక్షించిరి. బేరములో అడిగిన లెక్కలకు వారు నూటికి 98 వంతులు సరిగా చెప్పిరి. అవే లెక్కలను కాగితముపై వట్టి అంకెలుగా ఇచ్చినపుడు నూటికి 37 వంతులే సరిగా చేసిరి. మన దేశమున కలకత్తా, ఢిల్లీ సంతలలో పని చేయు పిల్లలను గూర్చి 2025లో వెలువడిన పరిశోధనయు ఇట్టి ఫలితమునే చూపెను. సంత పిల్లలు బేరపు లెక్కలలో చురుకైనవారు. బడి లెక్కలలో వెనుకబడినవారు. అంగడి ముఖమెరుగని బడి పిల్లలు కాగితముపై నేర్పరులైనను బేరపు లెక్కలో తడబడిరి. ఈ రెండు ఒడ్డుల నడుమ వంతెన లేదన్నమాట.

ఆ వంతెనను ఇంటిలో కట్టుటకు నాలుగు మెట్లు చాలును. వస్తువు, మాట, బొమ్మ, గుర్తు. కోడిపెట్ట కింద ఐదు గుడ్లున్నవి. రెండు తీసి పక్కింటివారికి ఇచ్చితిమి. బిడ్డచే గుడ్లు చూపించుట మొదటి మెట్టు. "ఐదు గుడ్లు ఉండినాయి, రెండు ఇచ్చేసినాము, మూడు మిగిలినాయి" అని బిడ్డచేతనే చెప్పించుట రెండవది. నేలపై సుద్దతో ఐదు సున్నలు గీసి రెంటిని కొట్టివేయించుట మూడవది. చిట్టచివర 5 – 2 = 3 అని వ్రాసి, "మనం చెప్పినదే ఇట్లా రాస్తారు" అని చూపుట నాలుగవది. తల్లికి వ్రాత రానిచో మూడు మెట్లు ఆమెయే ఎక్కింపవచ్చును; నాలుగవ మెట్టు అన్నయో అక్కయో బడియో ఎక్కించును. ఇంటిలోని మాటకును బడిలోని గుర్తుకును సంబంధము తెలిసిన బిడ్డ ఏ ఒడ్డునను తడబడదు.

సున్నను గూర్చియు ఒక మాట. పళ్ళెములో మూడు అరిసెలుండెను, మూడును తినివేసిరి, ఎన్ని మిగిలినవి? "ఏమీ లేవు" అను ఆ మాటకే సున్న యని పేరు. ఈ సంగతి నవ్వుచు చెప్పవచ్చును. నూటిలోని సున్నలు తరువాత బిడ్డను భయపెట్టవు.

చేయరానివి కొన్ని చెప్పి ముగింతుము. తప్పు చెప్పిన బిడ్డను కొట్టరాదు. భయపడిన బిడ్డ లెక్కను మాని, పెద్దల ముఖము చూచి బదులు ఊహించును. "ఎట్లా చెప్పినావు నాయనా?" అని అడుగుట మేలు, చాలసార్లు బిడ్డయే తన తప్పును దిద్దుకొనును. సరిగా చెప్పినపుడును అట్లే అడుగవలెను. అప్పుడా ప్రశ్న తప్పునకు గుర్తని బిడ్డ తలపదు. వ్రేళ్ళపై లెక్కించుటను నిషేధింపరాదు. అవి దేవుడిచ్చిన పూసలు. తొందర పెట్టరాదు. అక్కతో, పక్కింటి వానితో పోల్చరాదు. సెల్‌ఫోనులో అంకెల పాటలు పెట్టి విడిచిపెట్టుట లెక్క నేర్పుట కాదు. ఆ పాటను నోరు నేర్చునేగాని చేయి నేర్వదు. దినమునకు పది నిమిషములు చాలును. అది కూడ వేరుగా కేటాయింపనక్కరలేదు. పప్పు కడుగునపుడు, పూలు కట్టునపుడు, గొర్రెపిల్లలను దొడ్డిలోనికి తోలునపుడు ఆ పది నిమిషములు అందులోనే దొరకును.

అంగన్‌వాడీ కేంద్రములు 1975 నుండి పల్లెలలో పసివారి కొరకు నడచుచున్నవి. 2020 నాటి జాతీయ విద్యావిధానమును, దాని ననుసరించి 2021లో మొదలిడిన నిపుణ్ భారత్ కార్యక్రమమును, మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డకు చదువు, వ్రాత, మొదటి లెక్కలు రావలెనని లక్ష్యము పెట్టుకొన్నవి. లక్ష్యము మంచిదే. కాని బడిలో ఒక ఉపాధ్యాయునికి చాలమంది పిల్లలుందురు. ఇంటిలో తల్లి కొంగు పట్టుకొని తిరుగు బిడ్డలు ఒకరో ఇద్దరో. ఆరు గింజలు తెమ్మని ఒక్కొక్క బిడ్డను విడిగా అడుగు తీరిక బడికి తక్కువ, ఇంటికి ఎక్కువ.

శ్రోతలు ఈ రాత్రి భోజనమైన పిమ్మట గుప్పెడు చింతగింజలు చాప మీద పోసి, బిడ్డను పిలిచి, మూడు గింజలు తెమ్మని అడిగి చూడవలెనని మనవి. తెచ్చినచో నాలుగు అడుగవలెను. తేలేనిచో రెండింటితో మొదలు పెట్టవలెను. ఎక్కడ ఆగినదో అక్కడనుండియే ఆ బిడ్డకు దారి.